ఏడు బారల లోతు

భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పేటలో మరిడమ్మ నోరంటే అందరికీ హడలే. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె కేకేస్తే, పడుకున్న వీధి లేచి కూర్చునేది. అంతటి నోరూ మూతపడిపోయింది. రొమ్ము కేన్సరని ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు. రాలిన జుట్టు మళ్ళీ మొలిచింది గానీ, చంక కింద కోసిన చోట పుండు మానలేదు. చెయ్యి పైకి లేవదు. తట్ట ఎత్తలేని బతుకు ఆమెకు బతుకే కాదు.

విశాఖలో డాక్టరు ఇంకో దారి చెప్పాడు. గాజు గొట్టంలాంటి పెట్టెలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి, అచ్చమైన ఆక్సిజన్ పీల్చేలా చేస్తారు. రక్తం సరిగా అందని కండకు అది ప్రాణం పోయవచ్చు. అందరికీ పనిచేస్తుందన్న హామీ లేదు. మానకపోతే వీపు కండ కోసి అతకాలి.

ఊపిరితిత్తులు పరీక్షించి, ఎక్కించిన మందులేవో చూసి సరేనన్నారు. పెట్టె నడిపే యమున, ఆక్సిజన్‌లో నిప్పు పుట్టకుండా నూలు బట్టలు కట్టించింది. తలకు రాసుకున్న కొబ్బరినూనె కూడా కడిగించింది.

"భయపడకండమ్మా, సముద్రంలో నలభై అడుగులు దిగినట్టుంటుంది. చెవులు బిగిస్తే గుటకెయ్యండి."

నలభై అడుగులంటే దగ్గర దగ్గర ఏడు బారలు. ఆడది పడవెక్కకూడదనే పేట వాళ్ళది. పుట్టిన దగ్గర్నుంచీ అలల చప్పుడు వింటూ బతికిందే తప్ప పడవ మీద కాలు పెట్టి ఎరగదు. ఇప్పుడు ఏకంగా అడుక్కే!

తలుపు పడింది. గాలి బుస్సుమంది. చెవులు బిగిశాయి. దిగుతున్నామనుకుంది మరిడమ్మ. సముద్రం మనిషి కదా, కళ్ళు మూసి, బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టేసింది.

"అమ్మా! ఊపిరి ఆపకూడదు, మామూలుగా తీసుకోండి!" మైకులో యమున గొంతు.

"నీటడుగున ఊపిరేటే? సచ్చిపోనా?"

తిట్టడానికి నోరు తెరవక తప్పలేదు. తెరిచాక గాలి లోపలికెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. ఏడు బారల లోతులో ఊపిరి! పడుకునే చేతులు జోడించింది.

బయట కూర్చున్న మొగుడు కొండబాబుతో వచ్చీ రాగానే అంది: "మావా, నువ్వు ఇన్నేళ్ళూ పడవేసుకుని మీదమీదే తిరిగినావు. నాను అడుక్కెళ్ళొచ్చినాను. అక్కడా గాలున్నాది!"

కొండబాబు నవ్వబోయి ఏడ్చేశాడు.

ఆ తర్వాత వారాల తరబడి దిగింది. పాలిపోయిన కండ మెల్లగా ఎర్రబడింది. చివరికి డాక్టరు తేల్చి చెప్పే రోజొచ్చింది. వీపు కొయ్యాలో అక్కర్లేదో ఇక ఆ రోజే తేలుతుంది. ఈసారి కొండబాబునూ లోపలికి రానిచ్చారు. కట్టు విప్పారు. అద్దం పెట్టి చూపించారు. పుండున్న చోట ఉల్లిపొరంత పల్చగా, లేత గులాబీ రంగు చర్మం. మరిడమ్మ చాలాసేపు చూసింది. తన ఒంటి మీద తనకే తెలియకుండా ఇంత పని జరిగిందా అని నమ్మలేకపోయింది.

"ఇంక కోత అక్కర్లేదు," అన్నాడు డాక్టరు.

అప్పుడు మొగుడి వంక చూసింది. గోడకు ఆనుకుని, బుగ్గలు పూరించి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ఊపిరొదిలీ మావా," అంది మరిడమ్మ. "ఒడ్డుకొచ్చీసినాం."