వెర్నా మెడపట్టీ

ఆర్డిస్ ఫోస్‌కి లోకంలో గిట్టనిది ఒక్కటే: ఒంట్లో బాగాలేదని చెప్పుకునే మనిషి. అమెరికా ఉత్తరాన మిన్నెసోటాలో, ఆమె ఉండే ఆ మూల పుట్టినవాళ్ళకి ఎవరికైనా ఆ గుణం కాస్తో కూస్తో ఉంటుంది. కాలు విరిగినా "ఏదో, ఫర్వాలేదు" అంటారు. ఆర్డిస్ మాత్రం దాన్ని మతంలా పట్టుకుంది. ఏళ్ళ తరబడి మంచులో స్కూలు బస్సు నడిపింది. జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు, పెట్టినవాళ్ళని మనుషుల్లో జమకట్టలేదు.

ఆమె నోటికి అందరికన్నా ఎక్కువగా దొరికిపోయింది ఆడపడుచు వెర్నా. ఒకప్పుడు కిరాణా దుకాణం ముందు వెర్నా కారుని ఎవరో వెనకనుంచి గుద్దారు. బంపరుకి సొట్టైనా పడలేదు, వెర్నా మాత్రం మెడ నొప్పంటూ తెల్లటి మెడపట్టీ కట్టుకుని ఏడాది పైగా తిరిగింది. "మహారాణి గారి కిరీటం జారి మెడకి పడింది," అనేది ఆర్డిస్ చర్చి వంటింట్లో, వెర్నాకి వినబడేలాగే. మిగతా ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. కొన్నాళ్ళకి వెర్నా ఆ వంటింటికి రావడం మానేసింది.

తర్వాత ఆర్డిస్ వంతు వచ్చింది. స్టాప్ బోర్డు దగ్గర ఆగి ఉన్న ఆమె కారుని, ఫోను చూసుకుంటూ వచ్చిన ఒక ఘనుడు వెనకనుంచి గుద్దాడు. దిగొచ్చి, "దెబ్బ తగిలిందా అండీ?" అంటే, "అబ్బే, ఏం లేదు. నీకేం కాలేదు కదా?" అంది. పోలీసూ అదే రాసుకున్నాడు. మర్నాటికి మెడ బిగుసుకుపోయింది. నెల తిరిగేసరికి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, అటూ ఇటూ తల తిప్పలేక, బస్సు తాళాలు అప్పజెప్పేసింది.

ఆ ఘనుడికి ఉన్నది చట్టం కళ్ళు కప్పడానికి తగిలించుకున్న బొటాబొటీ బీమా. స్కానింగులకీ సూదులకీ అది ఆవిరైపోయింది. సరిగ్గా ఇలాంటి గతి పడితే మిగతాది తామిస్తామని ఆర్డిస్ సొంత బీమా కంపెనీ ఇన్నేళ్ళూ ఆమె దగ్గర విడిగా సొమ్ము పుచ్చుకుంది. ప్రతి క్రిస్మస్‌కీ బాతుల బొమ్మల క్యాలెండరు కూడా పంపింది. తీరా అడిగేసరికి గుద్దినవాడి మేనమామలా మారిపోయి, నొప్పీ లేదు గిప్పీ లేదు, అంతా నటన అంది. పుచ్చుకునేటప్పుడు లేని అనుమానాలు ఇచ్చేటప్పుడు ఎక్కణ్ణుంచి ఊడిపడతాయో ఆ సూటు బాబులకే తెలియాలి.

వ్యవహారం కోర్టుకెక్కింది. ఆర్డిస్‌కి సొమ్ము మాట అటుంచి, నటన అన్న ఆ ఒక్క ముక్క ఒంటికి కారం రాసినట్టుంది. తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చునేది ఆ జిల్లా జనమే. వాళ్ళు కూడా అదే అంటే ఇక అక్కడ తలెత్తుకోలేదు.

"మీరు బాధపడుతుంటే చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు ఆమె లాయరు స్ట్రోమ్.

"ఎవరూ లేరు. నేనెందుకు చూడనిస్తాను?"

"పోనీ, ఇంట్లో?"

"మా ఆయన పోయాడుగా. పిల్లికి తెలుసు."

"పిల్లిని బోనెక్కించలేనమ్మా," అని స్ట్రోమ్ నుదురు రుద్దుకుని, ఊళ్ళో వాకబు చెయ్యడానికి బయల్దేరాడు.

విచారణ రోజున కంపెనీ లాయరు తెర మీద వీడియో వేశాడు. చర్చి నేలమాళిగలో ఎవరివో అంత్యక్రియల భోజనాలు. అక్కడికి వచ్చినవాణ్ణి ఎవరు నువ్వని ఆ ఊళ్ళో అడగరు, చేతిలో ప్లేటు పెడతారు. కంపెనీ పంపిన గూఢచారి చొక్కాలో కెమెరా దాచుకుని, పోయినవాడి పేరైనా తెలియకుండా, హామ్ శాండ్‌విచ్‌లు మెక్కుతూ కూర్చున్నాడు. సిగ్గులేని జన్మ. ఆర్డిస్ కుడిచేత్తో పెద్ద కాఫీ కూజా ఎత్తి నవ్వుతూ వాడి కప్పే నింపుతోంది. "ఇంకోటి వేసుకోండి, మొహమాటపడకండి," అంటోంది.

"నవ్వుతున్నారే మేడమ్! నొప్పి ఏమైంది?" అన్నాడు లాయరు.

"వడ్డించే మనిషి మూలుగుతుంటే తినేవాళ్ళకి ముద్ద దిగుతుందా?" అంది ఆర్డిస్. జ్యూరీలో ఒకావిడ తల దించుకుంది. నొప్పి ఉందన్న మాట ఆ నోట రాలేదు కదా అని కంపెనీ లాయరు సంతోషంగా కూర్చున్నాడు.

అప్పుడు స్ట్రోమ్ పిలిచిన సాక్షి వెర్నా. ఇక అయిపోయిందనుకుంది ఆర్డిస్.

"ఆ బొమ్మ మళ్ళీ వెయ్యండి బాబూ," అంది వెర్నా. "అదిగో, వెనకనుంచి పాస్టరు పిలిచాడు. మామూలు మనిషైతే తల తిప్పుతుంది. ఇదేం చేసిందో చూడండి. కూజా బల్ల మీద పెట్టి, అడుగులు మార్చుకుని, ఒళ్ళంతా తిప్పింది. ఆ రోజు పక్క బల్ల దగ్గరే ఉన్నాను. చూడగానే తెలిసిపోయింది. ఏడాది పైగా నేనూ అలాగే తిరిగాను."

"మీరిద్దరూ మంచి స్నేహితులు, కదండీ?" అన్నాడు కంపెనీ లాయరు.

"స్నేహమా! దాని మొహం చూస్తే నాకు తిండి సయించదు. నాది నాటకమని ఊరంతా చాటింది. దానికి నొప్పి లేదంటే అందరికన్నా సంతోషించేదాన్ని నేనే. కానీ ఉంది. ఏం చెయ్యమంటావు?"

సాయంత్రానికి జ్యూరీ ఆర్డిస్‌ది నిజమేనంది, కంపెనీ ఇచ్చి తీరాలంది.

బయట వరండాలో ఆర్డిస్ అడుగులు మార్చుకుని, ఒళ్ళంతా తిప్పి, వెర్నా వైపు నిలబడింది. "వెర్నా, నేను నిన్ను..."

"వద్దు. నీ కోసం చెప్పలేదు, ఉన్నమాట గనక చెప్పాను." వెర్నా సంచిలోంచి పాత మెడపట్టీ తీసింది. తెలుపు పోయి పచ్చబడింది. "నొప్పిగా ఉందా?"

"ఏదో, ఫర్వాలే..."

"ఆర్డిస్!"

"ఉంది," అంది ఆర్డిస్. "ప్రాణం పోతోంది."

"అయితే కట్టుకో."

ఎడమ చెయ్యి లేవక ఆర్డిస్ తంటాలు పడుతుంటే, వెర్నాయే వెనక్కి వెళ్ళి బిగించింది, అక్కర్లేనంత గట్టిగా. గుమ్మం పక్క బెంచీ మీద, విచారణ చూడ్డానికొచ్చిన చర్చి వంటింటి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆర్డిస్ వాళ్ళ ముందునుంచి నడిచింది. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కావిడని మోచేత్తో పొడిచింది. ఆ చెయ్యి వెనక ఏం నవ్వు ఉందో ఆర్డిస్‌కి వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళకి అది నేర్పింది తనే.