కప్పలను తూచిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు వరంగల్ నుంచి వచ్చిన బస్సు తెచ్చింది. మరిపెడలో మా బడి, బస్సులు ఆగే చోటికి దగ్గర. మా ఆయన డిపోలో మెకానిక్కు కాబట్టి ఈ దారిన తిరిగే కండక్టర్లందరికీ నేను తెలుసు. ఇంటర్వెల్ బెల్లు కొట్టినప్పుడు ఒకాయన గేటు దాకా నడిచొచ్చి, "టీచరమ్మా, కొత్తవాడల మీ పెద్దమ్మ పొద్దుగాల పోయిందట. ఆమె కోడలు బస్టాండుకొచ్చి చెప్పి పోయింది" అన్నాడు. నేను మళ్లీ చెప్పించుకున్నాను. రెండోసారీ అదే మాట చెప్పాడు. వరంగల్ వెళ్లే మొదటి బస్సు పట్టుకొని పోయి కడచూపు చూసి వచ్చాను. పదకొండో రోజు కూడా అయిపోయింది. ఇప్పుడైతే రాయగలనేమో అనిపించి కూర్చున్నాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. డెబ్బైల నడుమ, పెళ్లయిన కొత్తలో, మేము వరంగల్ కొత్తవాడలో ఆమె ఇంటి పక్కన అద్దెకు దిగాం. నాది నెక్కొండ పక్కన వ్యవసాయం ఇల్లు. పత్తి ఏరడం తెలుసుగాని, ఆ పత్తి నూలై, ఆ నూలు జంపఖానా అవడం కళ్లారా చూసింది అక్కడే. వాడకట్టంతా మగ్గాలు. పెద్దమ్మ పని పోగులు అతకడం. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత పోగు కొసకు కలిపి మెలిపెట్టాలి. వేళ్లు బూడిదలో అద్దుకొని వందల పోగులను అలా కలుపుతూ పోయేది. ఒక పడుగు అతికి లేచేసరికి పూట గడిచేది. ఆమె బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేవి, పండక్కి తలంటుకున్న రోజున కూడా.

చేతులు ఎంత మెత్తగా కదిలేవో నోరు అంత గడుసుగా ఆడేది. ఎవరేం అడిగినా, అది కాని పని అని చెప్పడానికి ఆమె దగ్గర ఒక మాట సిద్ధం. చిక్కుపడ్డ పడుగు మోసుకొచ్చినవాడితో, "దీని చిక్కు దీసుడా? వానధారను తాడు పేనుమను, పేనుత" అనేది. సినిమాకు పోదామన్న కోడలిని, "కొండమీది కోతిని తెమ్మంటాంది సూడు" అని నాకు చూపించేది. వాళ్లాయన పచ్చి కంకులు దొరకని ఎండాకాలంలో మక్కగారెలు అడిగితే, "నీయన్నీ గొంతెమ్మ కోరికలే. కుందేలు కొమ్ము గూడ వండిపెట్టన్నా?" అనేది. గాడిదగుడ్డు అన్న మాటను మాత్రం అబద్ధాలకే వాడేది, కాని పనుల్లో దాన్ని కలపనిచ్చేది కాదు. ఈ విషయంలో ఆమెకు చాలా పట్టింపు. ఇవన్నీ ఎక్కడివని అడిగాను ఒకసారి. కొన్ని వాళ్ల అత్త నోటివట, కొన్ని తను కట్టినవట. ఏవి ఎవరివని తరచి అడిగితే, "సున్నపు తేటల వెన్న దీసుడే అది. నాకేం యాదికున్నది?" అంది.

నేను ఆ మాటలు విని పొట్ట పట్టుకొని నవ్వేదాన్ని. ఆ తర్వాత ఏం జరిగేదో చూసేదాన్ని కాదు. నా తెలివితక్కువతనం అక్కడే ఉంది.

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా టీచర్ ట్రైనింగుకు దరఖాస్తులు పిలిచారు. మా ఆయన ఫారం తెచ్చి నా చేతిలో పెట్టాడు. టీచర్ కావాలని నాకు లంగాలు కట్టే వయసు నుంచీ పిచ్చి. ఇంటర్ పాసై ఉన్నాను. పాపను పగలంతా ఎవరు చూస్తారన్నదే చిక్కు. మా అత్తగారు లేరు, మా అమ్మను పొలం వదలదు. రెండు రోజులు కిందామీదా పడి, సిగ్గు విడిచి పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను.

"పెద్దమ్మా, పొద్దున పోయి సాయంత్రం వస్త. పిల్లను నీ దగ్గర ఉంచుకుంటవా?"

ఆమె పోగుల మీద నుంచి కళ్లెత్తలేదు. "పాలు తాగే పిల్ల, పుస్తకాలు, మొగడు, పొయ్యి, అన్నీ ఒక్క తక్కెడల పెడ్తవా? ఒకటి కూసుంటె ఇంకోటి దుంకుతది. కప్పల తక్కెడ బిడ్డా అది."

నేను ఇంటికి వచ్చేశాను. మా పుట్టింట్లో కాదంటే కాదనే, రెండోసారి అడగడం ఉండదు. ఫారాన్ని బియ్యం డబ్బా కింద తోసి, నాకే చదవాలని లేదని మా ఆయనతో చెప్పాను. వంటింట్లో కూర్చొని ఏడ్చాను. ఆఖరు తేదీ వచ్చింది, పోయింది. పెద్దమ్మ ఎదురుపడితే తల దించుకొని పక్కకు తప్పుకొనేదాన్ని. ఆమె కూడా ముఖం గంటు పెట్టుకొనే ఉండేది.

తేదీ దాటిన వారానికి, తెచ్చుకొన్న జల్లెడ తిరిగి ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. మగ్గానికీ గోడకూ మధ్య దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. మెత్తబడ్డ పాత జంపఖానా, కొత్త తాళ్లు. ఇంట్లో పసిపిల్లలు లేరు. "ఎవరికిది?" అని కోడలిని అడిగాను.

"ఎవరికేందక్కా, నీ బిడ్డకే. తొట్టెల కట్టి ఇన్ని రోజులాయె. నువ్వెప్పుడొస్తవోనని అత్తమ్మ రోజు తొవ్వ చూస్తాంది."

"కాదన్నది కదా!"

"ఎప్పుడన్నది?"

"కప్పల తక్కెడ అన్నది."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. "అయ్యో అక్కా! అట్లన్నదంటె చేస్తదన్నట్టు. నన్ను సినిమాకు తోల్కపోయిందా? చేయనిదానికి అత్తమ్మ అన్ని మాటలు చెప్పదు."

లోపలి నుంచి పెద్దమ్మ వచ్చింది. విషయం తెలిసి మండిపడింది. "నేను కాదన్ననా? కప్పల తక్కెడ అన్న. కప్పలను తూచాలంటె పక్కన కూసోని, దుంకినదాన్ని దుంకినట్టు పట్టుకొచ్చి పెట్టాలె. లేచి ఉరుకుతారా ఎవరన్న?" అని కేకలేసింది. కేకలేసినంతసేపూ వేసి, ఉయ్యాల తాడు పట్టుకొని నిలబడిపోయింది. "ఏడాది పాయె గదా బిడ్డా నీది" అంది. ఆ గొంతు విన్నాక నాకు ఏడాది పోయిన బాధ సగం తగ్గింది.

ఆ తర్వాతే నేను ఆమెను సరిగ్గా చూడడం నేర్చుకున్నాను. వానధారను తాడు పేనమంటూనే కాలితో బూడిద చిప్పను దగ్గరికి జరుపుకొనేది. అవతలివాడు అది చూసి నిశ్చింతగా అరుగు మీద కూర్చొని బీడీ వెలిగించేవాడు. ఒకసారి మాత్రం ఒక మేస్త్రీ తడికి మురిగిన నూలు పడుగు తెచ్చి, ఎట్లాగైనా అతికి పెట్టమన్నాడు. పెద్దమ్మ ఒక పోగు లాగి, తెగిందాన్ని చూసి, "కాదు" అంది. కోతీ లేదు, కుందేలూ లేదు. అతను వెంటనే మూట ఎత్తుకొని వెళ్లిపోయాడు. వాడకట్టులో అందరికీ తెలిసిన సంగతి, పక్కింట్లో ఉండి నాకొక్కదానికే తెలియలేదు.

మరుసటి ఏడు ట్రైనింగులో సీటు వచ్చింది. పాపకు అప్పటికి కాళ్లొచ్చాయి, ఉయ్యాలలో ఎందుకుంటుంది? నూలు కండెలు దొర్లించేది, మగ్గం గుంటలో దిగేది, అతికిన పోగులను గుంజి పారేసేది. పెద్దమ్మ దాని నడుముకు మెత్తటి నూలు తాడు కట్టి, కొస తన కాలి బొటనవేలికి కట్టుకొని పని చేసేది. రోజూ పొద్దున పిల్లను అందుకొంటూ, "దీన్ని పట్టుడంటె చేపకు చెప్పులు కుట్టుడే" అనేది. ఆ మాట వింటే చాలు, నేను ధైర్యంగా కాలేజీకి నడిచేదాన్ని. ట్రైనింగు ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు కూడా ఆ మాట మానలేదు. నేను టీచరమ్మనై మరిపెడలో జీతం తీసుకొంటున్నానంటే అది ఆమె బొటనవేలి చలవ. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

ఆమె మాటలు నాతోపాటు బడికి కూడా వచ్చాయి. భాగహారం ముందు కూర్చొని "నాతోని కాదు టీచర్" అని మొండికేసే పిల్లలతో, "సరే, చేపను పట్టుకురా, చెప్పులు కుడుదాం" అంటాను. వాళ్లు నవ్వి పలక అందుకొంటారు. ఈ మధ్య ఒక పిల్ల నా మీదే ప్రయోగించింది. ఊళ్లో పెళ్లి ఉందని ఒంటిపూటకే బడి వదలమని అడిగి, నేను ముఖం చిట్లించగానే, "వానధారను తాడు పేనుమంటలేం గద టీచర్" అంది. వదిలేశాను.

పెద్దమ్మను దవాఖానలో చేర్చారని తెలిసి ఆ ఆదివారం వెళ్లాను. సగమైపోయింది మనిషి. కోడలు పక్కన స్టూలు మీద ఉంది. మా పాప ఎనిమిదో తరగతికి వచ్చిందంటే, "ఇగ నా కాలుకు తాడెందుకులే" అని నవ్వింది. నేను ధైర్యం చేసి అడిగాను.

"ఇంటికెప్పుడొస్తవు పెద్దమ్మా?"

"ఇంటికా?" అంది. "రాలిన ఆకును కొమ్మకు అతుకుమంటవా బిడ్డా?"

నాకు ప్రాణం లేచివచ్చింది. పకపకా నవ్వాను. ఆమె నోట ఆ రకం మాట వచ్చిందంటే అయిపోయినట్టే, వారం తిరిగేసరికి ఇంట్లో ఉంటుంది. ఆమె కూడా నన్ను చూసి నవ్వింది. కోడలు నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చొంది. అది కూడా నేను గమనించనట్టే గమనించాను.

పెద్దమ్మ అబద్ధమాడలేదు. ఉన్నదే చెప్పింది. నేను దాన్ని ఎట్లా వింటానో తెలిసే చెప్పింది. వెనకటికి కాదనుకొని ఏడుస్తూ వెళ్లినదాన్ని, ఈసారి అవుననుకొని నవ్వుతూ వెళ్లనిచ్చింది. అందుకు నాకు కోపం లేదు. బస్సులో నవ్వుకొంటూ వచ్చిన ఆ ప్రయాణాన్ని ఆమె నాకిచ్చినవాటిలో ఒకటిగా దాచుకొన్నాను.

బస్సు టైమైందని లేచాను. "పో బిడ్డా, చీకటి పడకముందే పో" అంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగనేలేదు. దవాఖాన దుప్పటి అంచు చిరిగి పోగులు పోగులుగా వేలాడుతోంది. ఆ పోగులను రెండేసి పట్టి మెలిపెడుతోంది. బూడిద లేదు కాబట్టి వేలు నాలుకతో తడుపుకొంటోంది. వార్డు తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. ఒక అంచు అయిపోయినట్టుంది, దుప్పటిని మెల్లగా తిప్పి రెండో అంచును ఒళ్లోకి లాక్కొంటోంది.