పంటు మీద మావయ్యగారు

దివిసీమలో కృష్ణ పాయల మధ్య ఉన్న లంక ఊరు మా అత్తవారిది. పంటు ఎక్కి నది దాటితే తప్ప బయటికి రాలేం. ఆరేళ్ళ కిందట ఒక ఉదయం మా ఆయన కొట్టిన దెబ్బకి వాచిన చెంపను కొంగుతో కప్పుకుని, మూడేళ్ళ పాపని తీసుకుని, ఎవరికీ చెప్పకుండా పంటు ఎక్కాను. ఆయన చెయ్యి చేసుకోవడం అది మొదటిసారి కాదు. ఇక చాలనుకుని గుడివాడలో మా పుట్టింటికి బయలుదేరాను.

పంటు కదిలాక చూశాను, మోటార్ సైకిళ్ళ వెనక మావయ్యగారు నిలబడి ఉన్నారు. దిగిపోదామంటే చుట్టూ నీళ్ళే. ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"ఎక్కడికమ్మా?"

"పాపకి ఆధార్ తీయించడానికండీ."

"అమ్మమ్మ దగ్గరికి తాతా," అంది పాప.

ఆయన నా చెంప వంకా, బట్టలు కుక్కిన సంచి వంకా చూసి, సంచి తీసుకున్నారు. అదే పంటులో వెనక్కి తీసుకెళ్తారని భయపడ్డాను.

రేవులో దిగగానే ఆటోని పిలిచారు.

"ఒక్కదానివే వెళ్తే మొగుణ్ణి వదిలేసి వచ్చిందంటారమ్మా. నేను దింపితే ఆ మాట అనలేరు."

గుడివాడలో మా గుమ్మం ముందు, చెప్పులైనా విప్పకుండా, మా నాన్నతో చెప్పారు.

"బావగారూ, మావాడొచ్చి అడిగినా పంపకండి. నేనొచ్చి అడిగితే పంపండి."

ఆ రోజు ఆయన్ని చూసి భయపడినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. నెలనెలా వచ్చి పాపని చూసి వెళ్తారు. నన్ను రమ్మని మాత్రం ఇంతవరకూ అడగలేదు.