సున్నం పట్టీల చెట్లు

ఆ వానాకాలమంతా మెదక్ చుట్టుపక్కల అడవుల్లో పురుగుల లెక్క రాశాను. ఎక్కువ రకాల పురుగులు బతికే చెట్టు మొదట్లో సున్నంతో పట్టీ వేసేవాణ్ణి. "సున్నం ఉన్న చెట్టు మీద గొడ్డలి పడదు" అని మా అధికారి మాటిచ్చాడు. ఆ మాట నమ్మి వానలో తడిసి, జలగలు పీకేసుకుంటూ తిరిగాను.

పని ముగించుకుని మెదక్ బస్టాండులో కూర్చున్నాను. ఒళ్లో అటవీశాఖ ముద్ర ఉన్న పురుగుల పెట్టె ఉంది. పక్కన ఒక పెద్దమనిషి, గొడ్డలికి గోనెపట్టా చుట్టుకుని, ఎల్దుర్తి బస్సు కోసం చూస్తున్నాడు. పెట్టె అద్దంలోకి తొంగి చూసి, రుమాలు ముడి విప్పి అగ్గిపెట్టె తీశాడు. అందులో పచ్చగా మెరిసే జీరంగి ఉంది.

"మీ తాన గిసొంటిది ఉన్నదా సార్? నిన్న కొట్టిన చెట్టుల దొరికింది. ఉంచుకోండ్రి."

"ఏ చెట్టు?" అన్నాను.

"సున్నం పట్టీ చెట్టు. గవన్ని పురుగు వట్టిన చెట్లట. ముందుగాల గవ్వే కొట్టుండ్రని మీ ఆఫీసు పెద్దసారే చెప్పిండు."

ఆయన అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు.

"గా పట్టీలు ఏసినోడు ఎవడో గని మస్తు పనిమంతుడు సార్. మాకు దేవులాట లేకుంట చేసిండు."

బస్సు వచ్చింది. ఆయన వెళ్లిపోయాడు.

ఆ జీరంగి ఇంకా నా దగ్గరే ఉంది. ప్రతి పురుగు కింద ఒక చీటీ పెట్టి, అది దొరికిన చెట్టునూ దొరకడానికి కారణమైన మనిషి పేరునూ రాయడం మా పద్ధతి. ఆయన పేరు నేను అడగలేదు. అడిగి ఉన్నా, ఆ చీటీ మీద నా పేరే రాసేవాణ్ణి.