కంచె లోపల కాలిగుర్తు

ఆమెను అందరూ అచ్చులక్క అనేవాళ్ళు. సరస్సులోకి నాలుకలా పొడుచుకువచ్చిన అడవిలో ఆమె ఉద్యోగం. ఆ అడవికి మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు కంచె. కంచె అంటే ముళ్ళతీగ కాదు. చిటికెనవేలు కూడా దూరని సన్నజాలీని మోకాటిలోతున నేలలోకి పాతి, పైన గోళ్ళకు పట్టు దొరక్కుండా నున్నటి రేకు బిగించారు. ఎందుకంటే లోపల నేలపిట్టలున్నాయి. కోడిపిల్లంత బూడిదరంగు పిట్టలు. ఎగరడం దాదాపు మరిచిపోయాయి. ఎండుటాకుల్లో గుంట చేసుకుని అక్కడే గుడ్లు పెడతాయి. కంచె బయట ఉన్నవాటిని ఎలుకలు ఎప్పుడో తినేశాయి. మిగిలినవి ఈ లోపలివే.

అచ్చులక్క పని ఎలుకల్ని పట్టడం కాదు, ఉన్నాయో లేవో కనిపెట్టడం. అడవిలో వరసలు వరసలుగా పొడవాటి చెక్కగూళ్ళు పెట్టి ఉండేవి, రెండు కొసలా తెరిచి. ఒక్కో గూటిలో ఒక తెల్ల అట్ట, అట్ట నడుమ సిరా పూసిన పట్టీ, దాని మీద చిటికెడు పల్లీల ముద్ద. వాసనకు వచ్చిన ప్రాణి సిరా తొక్కి, అట్ట మీద అడుగులు అచ్చు వేసి పోతుంది. మర్నాడు ఆ అట్టలు తీసి చదవడమే ఆమె ఉద్యోగం. బల్లి తోక ఈడ్చిన గీత, పురుగు నడిచిన చుక్కల వరస, పిట్ట మూడు వేళ్ళు. ఎలుక అచ్చు మాత్రం శిక్షణలో చూసిందే గానీ కంచె లోపల ఏనాడూ చూడలేదు.

ఆమె భర్తకు బస్టాండు పక్కన సెలూను ఉంది. కత్తెర ఆడినంత సేపూ నోరు ఆడుతూనే ఉండే మనిషి. "కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్ళను చూశాను. కొండంతా తవ్వి, ఎలుక కూడా లేదని సంతోషంగా ఇంటికొచ్చేది మా ఆవిడొక్కతే" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. వేళ్ళ సందుల్లో సిరా ఎంత తోమినా పోయేది కాదు. అన్నం కలిపేటప్పుడు ఆ చేతిని చూసుకుని, ఇవాళ కూడా ఏమీ లేదు, అనుకునేది. అదే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఆ అడవికి దారి ఒక్కటే. కంచె మధ్యలో ఒక గది, గదికి ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు. ఒకటి పూర్తిగా మూసి గొళ్ళెం పెట్టాకే రెండోది తెరవాలి. బండి అయినా మనిషి అయినా ఆ గదిలో ఆగాల్సిందే, సంచులు, చెప్పులు దులిపి చూపించాల్సిందే. ఆ తలుపుల దగ్గర కాపలా ఆమె తమ్ముడిది. అంతకుముందు వాడు ఏ పనిలోనూ కుదురుగా నిలవలేదు. బేకరీలో మానేశాడు, పడవల దగ్గర మానేశాడు. పెళ్ళయి, బిడ్డ పుట్టాక ఆమే పైఅధికారి అయిన మేడం దగ్గరికి వెళ్ళి, "మా తమ్ముడండీ. మాట నిలబెడతాడు, నాదీ పూచీ" అని చెప్పి పెట్టించింది. ఆశ్చర్యంగా వాడు నిలిచాడు. ఊరు వాడికి గొళ్ళెం అని పేరు పెట్టింది. వాడూ దాన్ని బిరుదులాగే మోశాడు.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. వానలు వెనకబట్టి, నేలపిట్టలు గూళ్ళు వెతుక్కునే రోజులు మొదలయ్యాయి. ఒక ఉదయం అచ్చులక్క గేటుకు దగ్గరి వరసలో ఒక అట్ట బయటికి లాగి, అలాగే గొంతుక్కూర్చుండిపోయింది. చిన్న పూవులా విచ్చుకున్న నాలుగు వేళ్ళ ముందు పాదం. వెనక ఐదు వేళ్ళ పొడుగు పాదం. అట్ట ఈ చివర నుంచి ఆ చివరదాకా, తాపీగా, ఇంట్లో తిరిగినట్టు తిరిగింది. పల్లీల ముద్ద పూర్తిగా నాకేసి ఉంది.

కాసేపు అది ఉడుతదేమో అనుకోవాలని చూసింది. ఆ అడవిలో ఉడుతలు లేవు. లేచి, అట్టను గుడ్డలో చుట్టి, చంకలో పెట్టుకుని గేటుకు నడిచింది. మేడం ఆఫీసు కంచె బయట ఉంది.

తమ్ముడు లోపలి తలుపు తెరిచి ఆమెను గదిలోకి రానిచ్చి, తలుపు మూసి గొళ్ళెం వేశాడు. ఆ మసక చీకట్లో ఇద్దరే ఉన్నారు.

"ఏంటక్కా, మొహం అలా ఉంది? బావ మళ్ళీ చక్కెర లేని టీ ఇచ్చాడా?"

"తలనొప్పిరా."

"కూర్చో, ఫ్లాస్కులో టీ ఉంది. నేను పెట్టిందే, చక్కెర దండిగా వేశా."

"వద్దురా. పనుంది, తలుపు తియ్యి."

వాడు బయటి తలుపు తీశాడు. ఆమె వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మేడం అట్టను కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. వయసులో చిన్నదే అయినా, ఆ అడవి కోసం నిద్ర, తిండి మానేసే మనిషి. "ఒక్కటే అయితే పట్టొచ్చు" అంది చివరికి. "ఆడదయ్యి, కడుపుతో ఉంటే మాత్రం ఆలస్యం అయిపోయినట్టే. ఎలా వచ్చిందంటావు?"

"ఏది వచ్చిందో అట్ట చెబుతుంది మేడం. ఎలా వచ్చిందో చెప్పదు."

కంచె పొడవునా మనుషుల్ని పంపించారు. చిల్లు లేదు, దాని మీద చెట్టు కూలలేదు. మధ్యాహ్నానికి గొళ్ళేన్ని పిలిపించారు. అడగ్గానే వాడు దాచకుండా చెప్పేశాడు. వానల్లో ఒకరోజు కాలిబాట వంతెన కోసం దూలాల లారీ వచ్చింది. దూలాలు గదికన్నా పొడుగు, లారీ గదిలోకి వచ్చినా వెనక బయటి తలుపు మూసుకోలేదు. బయటే దించి మోసుకెళ్ళాలన్నది నిబంధన. కూలీలు వానకు వెళ్ళిపోయారు, డ్రైవరు హారన్ కొడుతూ తిట్టడం మొదలుపెట్టాడు. వాడు రెండు తలుపులూ ఒక్కసారే తెరిచాడు.

"ఎంతసేపు?" అంది మేడం.

"లారీ పట్టినంతసేపే మేడం. నేను కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తూనే ఉన్నా. ఏదీ దూరలేదు."

"దూలాల మధ్య దాక్కుని వచ్చిందేమో. ఆ రోజే వచ్చి చెప్పుంటే, ఆ రాత్రే బోన్లు పెట్టేవాళ్ళం. కనీసం ఇవాళ నేను పిలవకముందు నీ అంతట నువ్వు వచ్చినా నా దగ్గర ఒక మాట మిగిలేది. ఇప్పుడు పైవాళ్ళకు ఏమని రాయను?"

వాడు అప్పుడు అక్క వైపు చూశాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె నేల చూపులు చూసింది. ఆ సాయంత్రం తాళాల గుత్తి బల్ల మీద పెట్టేసి వాడు వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు మరదలు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు. "ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటారంటే సామెత అనుకున్నా వదినా. నువ్వు మా ఇంటికి పెట్టావు" అంది.

"నేను వాడి పేరు చెప్పలేదే."

"పేరు చెప్పలేదు. ఆయనకు చెప్పనూ లేదు. పక్కనే నిలబడి తలనొప్పన్నావంట."

మరదలు వెళ్ళాక భర్త ఏదో సరదా మాట అనబోయి, భార్య మొహం చూసి, కత్తెరలు నూరుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి రోజులన్నీ అడవిలోనే గడిచాయి. చెక్కగూళ్ళు రెట్టింపు చేశారు. ఎలుకల మందు ఎక్కడపడితే అక్కడ చల్లడానికి లేదు, పిట్టలు తింటే అంతా అయిపోతుంది. ఎలుక మాత్రమే దూరే కన్నాలున్న పెట్టెల్లో పెట్టి, పెట్టెల్ని మేకులతో నేలకు బిగించాలి. ఏ పెట్టె ఎక్కడ అన్నది అచ్చులక్క తెచ్చిన అట్టల్ని బట్టే మేడం నిర్ణయించేది. అచ్చు పడిన చోటల్లా గోడకున్న పటం మీద ఎర్రసూది గుచ్చేవారు. మొదట గేటు దగ్గర ఒక్క సూది. తర్వాత వాగు పొడవునా. ఆ తర్వాత పడమటి వాలు మొత్తం ఎర్రబడింది. ఒక అట్ట మీద పెద్ద అడుగుల పక్కన బుల్లి బుల్లి అడుగులు కలగాపులగంగా కనబడిన రోజు, మేడం కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పడమటి వాలులోనే నేలపిట్టలు ఎక్కువ. అచ్చులక్క గూళ్ళ వరసల వెంట వెళుతుంటే ఎండుటాకుల మీద పెంకులు కనబడేవి. పొదిగిన గుడ్డు పెంకు అంచు నీటుగా విడుతుంది. ఇవి కొరికినవి. ఒకచోట తల్లిపిట్ట ఖాళీ గుంటలోనే ముడుచుకుని కూర్చుని ఉంది. మనిషి దగ్గరికొచ్చినా లేవలేదు. అచ్చులక్క పక్కదారి పట్టి, చుట్టు తిరిగి వెళ్ళింది. పొద్దువాలే వేళ ఆ వాలంతా వాటి కూతలతో గోలగోలగా ఉండేది. రోజు రోజుకూ ఆ గోల పలచబడింది. ఒక సాయంత్రం తన చెప్పుల చప్పుడు తనకే గట్టిగా వినబడి ఆమె ఉలిక్కిపడింది.

ఊళ్ళో కూడా నిష్ఠూరాలు తప్పలేదు. "తోడబుట్టినవాడి కూడు తీసింది" అన్నవాళ్ళున్నారు. "ఎలుకలున్నాయని ఇన్నేళ్ళకు చెప్పింది, అదే పని ముందు చెయ్యొచ్చుగా" అని తెలియక అన్నవాళ్ళూ ఉన్నారు. భర్త సెలూన్లో కొండా ఎలుకా జోకు మానేశాడు. ఎవరైనా గుర్తు చేస్తే, "తల కదపకండి, తెగుద్ది" అనేవాడు.

ఆ ఏడు పిట్టలు పెట్టిన గుడ్లన్నీ పోయాయి. మరుసటి ఏడు సగం పోయాయి. కానీ పెట్టెల్లో మందును ఎలుకలు తింటూ వచ్చాయి, బోన్లలో కళేబరాలు దొరుకుతూ వచ్చాయి. పటం మీద సూదులు ఒక్కొక్కటే ఊడాయి. చివరికి వాగు మలుపు దగ్గర ఒకే ఒక్క ఎలుక మిగిలింది. అది మందు ముట్టదు, బోనులో దూరదు, అట్ట మాత్రం తొక్కి పోతుంది. ఎడమ వెనక కాలు కాస్త ఈడుస్తూ నడిచేది. అచ్చులక్కకు దాని నడక మనిషి నడకలా గుర్తుండిపోయింది. ఒక చలికాలం పొద్దున అది బోనులో దొరికింది. ముసలి ఆడ ఎలుక, పళ్ళు అరిగిపోయాయి. కూలీలు ఈల వేశారు. ఆమె చూసి, చేతులు కడుక్కోవడానికి వాగులోకి దిగింది. నీళ్ళు మంచులా ఉన్నా చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాత ఎన్నిసార్లు గూళ్ళన్నీ చూసినా అట్టల మీద బల్లులే, పురుగులే. మేడం అందరినీ పిలిచి అడవి మళ్ళీ శుభ్రమైందని చెప్పింది. పిట్టల్లో మిగిలింది సగం కన్నా తక్కువని కూడా అదే గొంతుతో చెప్పింది. పడమటి వాలులో అసలు లేవు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ ఆదివారం అచ్చులక్క తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాడు అప్పటికి రంపపు మిల్లులో చేరాడు. పెరట్లో స్టూలు మీద కూర్చుని, చొక్కా విప్పి పొట్టు దులుపుకుంటున్నాడు. మధ్య మధ్య దగ్గుతున్నాడు. మరదలు ఆమెను చూసి, ఒక కుర్చీ తెచ్చి వేసి లోపలికి వెళ్ళింది.

"ఎలుకలు అయిపోయాయిరా" అంది అచ్చులక్క. "చివరిది కూడా దొరికింది."

"మంచిది." చొక్కాను ఇంకోసారి విదిలించాడు. "పిట్టలో?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకూ ఆ లెక్కలో వాటా ఉందక్కా" అన్నాడు. "లారీ సంగతి నేనే చేశాను, దానికి ఎవర్నీ ఏమీ అనను. కానీ ఆ రోజు ఆ గదిలో నువ్వూ నేనే ఉన్నాం. చంకలో అట్ట పెట్టుకుని, తలనొప్పన్నావు. ఒక్కమాట చెప్పుంటే నీకంటే ముందు నేనే పరిగెత్తేవాణ్ణి కదా? మేడం ఆ మాటే అంది. నువ్వూ విన్నావు."

"విన్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు? నేను పారిపోతాననుకున్నావా?"

"లేదురా." "నువ్వు 'ఒక్క వారం ఆగక్కా' అంటావని భయపడ్డాను. నువ్వంటే నేను ఆగిపోయేదాన్ని. చిన్నప్పటినుంచీ నువ్వేది అడిగినా కాదన్నానా? వారం ఆగితే అది పిల్లల్ని పెట్టేది. అందుకే నీ మొహం చూడకుండా వెళ్ళిపోయా. నీ మీద నమ్మకం లేక కాదు, నా మీద నాకు లేక."

"ఆగకుండా వెళ్ళినా పిల్లల్ని పెట్టిందిగా."

ఆమె వేళ్ళ సందుల్లోని సిరాను బొటనవేలితో రుద్దుకుంది.

వాడు దగ్గి, మోచేత్తో నోరు తుడుచుకున్నాడు. "ఆగమని అనేవాణ్ణేమో. ఏమో, అననేమో కూడా. ఇప్పుడు నాకే తెలీదు. నాకు తెలిసే అవకాశం కూడా లేకుండా చేశావక్కా."

లోపల బిడ్డ ఏదో పడేసిన చప్పుడైంది. మరదలు కసిరింది. అచ్చులక్క కాసేపు కూర్చుని లేచింది. వాడు గేటు దాకా వచ్చి, ఆమె దాటాక గొళ్ళెం పెట్టాడు.

మాటలు పూర్తిగా మాత్రం తెగలేదు. తమ్ముడి దగ్గు ముదిరింది. రంపపు పొట్టు ఊపిరితిత్తుల్లో పట్టిందని, పని మానేయాలని డాక్టరు చెప్పాడు. మానేస్తే ఇల్లెలా గడుస్తుందని వాడు మానలేదు. చూపించుకోవడానికి నెల నెలా ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు తోడు అచ్చులక్కే. మరదలికి కుట్టుపని వదలడం కుదరదు. ఇద్దరూ పొడుగాటి బెంచీ మీద పక్కపక్కనే కూర్చుంటారు. బస్సు సంగతి, పిల్ల బడి సంగతి, బావ సెలూనుకు కొత్త అద్దం తెచ్చిన సంగతి మాట్లాడుకుంటారు. అడవి మాట ఆమె ఎత్తదు, వాడు అడగడు. పేరు పిలిచినప్పుడు ఆమె వాడి సంచి అందుకుంటుంది. వాడు గోడ పట్టుకుని లేచి, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని, డాక్టరు గది వైపు నడుస్తాడు.