ఉర్కియా పెట్టిన పేర్లు

మా అత్తగారు ఉర్కియా ఉప్పును ఉప్పు అని జన్మలో అనలేదు. ఆవిడ పెద్ద బావగారి పేరు తుజ్‌బాయ్. మా కజకు మాటలో తుజ్ అంటే ఉప్పు. అత్తింటివాళ్ల పేరు కోడలి నోట రాకూడదు, కాబట్టి ఉప్పు కూడా రాకూడదు. నాకైతే అంత పట్టింపు లేదు. "ఆ తెల్లది ఇటు అందుకో" అనేవారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో తెల్లదంటే ఏమిటో తెలియక చక్కెర డబ్బా అందించాను. ఆ పూట ఇంటిల్లిపాదీ గొర్రెమాంసం పులుసు తియ్యతియ్యగా తాగారు. "దీనికి నోరే గాని చెవుల్లేవు, రేడియోలాగా" అన్నారు అత్తగారు. అంతే, ఆ రోజు నుంచి నేను రేడియోని. నా అసలు పేరు నాజికెన్ అని ఊళ్లో సగం మందికి తెలియదు.

పేరు పలకకూడదంటే మనిషిని పిలవడం ఎలా? దానికీ మావాళ్లు దారి చూశారు. కొత్త కోడలు అత్తింట్లో ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, కంటికి ఏది ఆనితే దాన్ని పట్టుకుని తనే ఒక పేరు పెట్టుకోవాలి. ఆ పేర్లు పెట్టడంలో ఉర్కియాను మించిన కోడలు నూరా ఏటి రెండు ఒడ్డుల్లోనూ లేదని ముసలమ్మలు చెప్పుకునేవారు. పొడుగుజడ ఆడపడుచు, పిల్లిఅడుగుల పిన్నత్త, ఇలా ఇంటినిండా పేర్లే. అత్తగారు పగలంతా ప్రభుత్వ పాలకేంద్రంలో ఆవుల పాలు పితికేవారు, సాయంత్రం ఇంటికొచ్చి ఆ పేర్లతో అందరినీ నవ్వించేవారు. నవ్వించిన మనిషికి మిగిలింది మాత్రం ఏడుపే. మామగారు గడ్డివాము వేస్తూ వేస్తూ గుండె పట్టుకుని కూలిపోయారు. అప్పటికి ఆయన గడ్డంలో ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. ఆయనకు ముందు ఇద్దరన్నలూ అలాగే పోయారు. "మా ఇంటి మగాళ్లది చిన్న దీపం, చమురు తక్కువ" అని ఊరుకునేవారు అత్తగారు.

మా ఆయన తొలెగెన్ స్కూలు బస్సు నడిపేవాడు. బస్సు నడిపేవాళ్లకు ఏడాదికోసారి రక్తం పరీక్ష తప్పదు. ఆయనకు నలభై దగ్గరపడుతుండగా ఒకసారి జిల్లా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. రక్తంలో కొవ్వు లెక్కకు మించి ఉంది, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వెంటబెట్టుకుని రమ్మన్నారు.

"నాకేమైందే? ఎద్దులా ఉన్నాను" అన్నాడు మా ఆయన.

"ఎద్దువి కాబట్టే చెప్తున్నాను, నడువు" అన్నాను. అత్తగారినీ కారెక్కించాను.

డాక్టరమ్మ సాల్తనత్ చిన్నపిల్ల. కడుపుతో ఉంది, కాళ్లు వాచి చెప్పులు పక్కన విప్పుకుని కూర్చుంది. "మీ వంశంలో పెద్దవాళ్ల గురించి చెప్పండి" అని అడిగింది మా ఆయన్ని. ఇక చూడండి ఆయన దర్జా! ఏడు తరాల తాతల పేర్లు తెలియనివాడు అనాథ అంటారు మావాళ్లు. ఛాతీ విరుచుకుని, గుక్క తిప్పుకోకుండా, తండ్రి నుంచి ఏడో తాత దాకా ఒప్పజెప్పాడు.

"భలే చెప్పారన్నా! మరి వీళ్లంతా ఏం జబ్బుతో పోయారు?"

మా ఆయనకు ఏడు తరాల పేర్లు తెలుసు, తండ్రిది తప్ప ఒక్కరి చావు సంగతీ తెలియదు. మావాళ్లకు పేరుంటే చాలు, మనిషి ఎలా పోయాడో ఎవడిక్కావాలి?

డాక్టరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "పెద్దమ్మా, మీ ఆయన అన్నదమ్ములెవరు? పెద్దాయన పేరు చెప్పండి."

అత్తగారు పెదవి విప్పలేదు.

"పోనీ రెండో ఆయన పేరు?"

ఉహుఁ. తల వంచుకుని కొంగుచివర మెలిపెడుతూ కూర్చున్నారు. మా ఆయన గొంతు తగ్గించి, "అమ్మకి మతిమరుపు మొదలైనట్టుంది డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడకు మతిమరుపా? పదేళ్ల కిందట నేను మాడబెట్టిన రొట్టెను నిన్న చేసినట్టు ఎత్తిపొడిచే మనిషికి మతిమరుపా!

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆవిడ ముఖం చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా మతి మండా! నేనూ ఒకింటి కోడల్నేగా! పేర్లొద్దు పెద్దమ్మా. మీరు వాళ్లను ఏమని పిలిచేవారో అది చెప్పండి."

అత్తగారు తలెత్తారు. ముఖం వెలిగింది. "అలా అడుగు తల్లీ! పెద్దాయన ఉంగరంకన్ను బావగారు. కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి ఉంగరం ఉండేది, డేగకంటికి ఉన్నట్టు. మా వంశం గుర్తు అని గొప్పలు పోయేవాడు. పెళ్లి పందిట్లో గుర్రం కళ్లెం పట్టుకునే పడిపోయాడు. రెండో ఆయన బుడిపెమడమ బావగారు. మడమ వెనక ఉసిరికాయంత బుడిపె. బూటు పట్టక వెనక కోసి తొడుక్కునేవాడు. రైలు కట్ట మీద పోయాడు. వాళ్ల నాన్న, మా మామగారు, కణుపులమామ. వేళ్ల కణుపుల మీద పసుపు బుడిపెలు..."

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. కడుపు పట్టుకుని లేచి, బ్యాటరీ లైటు తీసుకుని మా ఆయన కంట్లో వేసి చూసింది. "అన్నా, బూట్లు విప్పండి" అంది.

విప్పాడు. మడమ వెనక నరం మీద, నేను ఎన్నోసార్లు నూనె రాసిన ఆ గట్టి కాయ. బూటు ఒరుసుకుని కాచిందని అనుకున్నాం ఇన్నేళ్లూ. కంట్లో ఆ సన్నటి తెల్ల గీతను చూసి, ఆ కళ్లంటే నాకెంత ఇష్టమో చెప్పి, ఆయన్ని మురిపించినదాన్ని కూడా నేనే.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. ఇది తిండి వల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఒంట్లో కొవ్వును ఊడ్చేసే పని సగమే జరుగుతుంది. మిగిలింది చిన్నప్పటి నుంచే గుండె గొట్టాల్లో పేరుకుంటుంది, ఎక్కువైంది కంట్లో, మడమ మీద, కణుపుల మీద తేలుతుంది. కన్నవాళ్లలో ఒకరికి ఉంటే, ప్రతి బిడ్డకూ రావడానికి సగం, రాకపోవడానికి సగం. పొడుగుజడ ఆడపడుచుకు రాలేదు కాబట్టే ఇప్పటికీ మనవళ్లను తిట్టుకుంటూ చక్కగా ఉంది. రక్తం రాజధానికి పంపి జన్యుపరీక్ష చేయిస్తే ఖాయంగా తెలుస్తుంది, మందులు వాడితే ఆపొచ్చు అంది.

అంతా విని అత్తగారు అడిగిన ప్రశ్న వేరు. "అయితే తల్లీ, నేను పెట్టిన పేర్లకు దిష్టి తగిలి పోలేదా వాళ్లు?"

ఆ మాట లోపల పెట్టుకుని ఆవిడ ఎన్నేళ్లు బతికారో! డాక్టరమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "మీ పేర్ల వల్ల ఎవరూ పోలేదు పెద్దమ్మా. మీ పేర్ల వల్లే ఈయన దొరికాడు."

దొరికాడు గాని లొంగాడా! ఇంటికి రాగానే మొండికేశాడు. పరీక్షా వద్దు, మందూ వద్దు. నుదుటిమీద రాసింది ఎవడు తప్పిస్తాడు, పరీక్షలో ఉందని తేలితే స్టీరింగు ముందు చావు ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది, తెలియకపోవడమే హాయి అన్నాడు. నేను అరిచాను, ఏడ్చాను, పుట్టింటికి పోతానని బెదిరించాను. "పో, బస్సులో దింపుతాను" అన్నాడు మహానుభావుడు.

అప్పుడు అత్తగారు పిండి పిసుకుతున్న చేతులతోనే వచ్చి ఆయన ముందు నిలబడ్డారు. మాలో మగవాడు పోతే ఇంటి ఆడది గోడవైపు తిరిగి శోకాలు పాడాలి, పోయినవాడి గుణాలన్నీ పాటగా కట్టి.

"ఒరేయ్, కణుపులమామకు పాడాను. నీ పెదనాన్నలకు వాళ్ల పెళ్లాల పక్కన కూర్చుని పాడాను. మీ నాన్నకు పాడితే గొంతు పగిలి నెత్తురొచ్చింది. నీకు పాడే గొంతు నా దగ్గర లేదు. నుదుటిమీద రాసినవాడే చదివిపెట్టడానికి ఆ డాక్టరమ్మనీ పంపాడు. పోయి రక్తమిచ్చి రా. లేదూ, నన్ను ముందు పాతిపెట్టి తర్వాత నీ ఇష్టం."

మా ఆయన మర్నాడు పొద్దున్నే పోయి రక్తమిచ్చి వచ్చాడు.

ఉందనే తేలింది. మందులు మొదలయ్యాయి. పిల్లలకూ చేయిస్తే మా అమ్మాయికి రాలేదు, అబ్బాయి ఆల్దియార్‌కు వచ్చింది. వాడికి చిన్నప్పుడే మందు మొదలుపెట్టారు, వాడు దాన్ని పళ్లు తోముకోవడంలాగా తీసుకున్నాడు. అత్తగారు వంటింట్లో చట్టం మార్చేశారు. గుర్రపుకొవ్వు పేగుల్లో కూరి చేసే కజీ దండలు ఇంట్లోకి రాకుండా ఆపారు. పండక్కి వచ్చిన చుట్టాలు, "కజీ తినని కజకును ఇక్కడే చూస్తున్నాం. రేపు మీ గుర్రం గడ్డి మానేస్తుంది కాబోలు!" అని ఎకసెక్కాలాడేవారు. "తినండి నాయనా, మీకు ఊడ్చుకునే శక్తి ఉంది" అనేవారు ఆవిడ. మా ఆయన పళ్లెంలో కొవ్వుముక్క కనబడితే ఆవిడ చేత్తోనే తీసి కుక్కకు వేసేవారు. ఆ కుక్క మాత్రం బాగా ఒళ్లు చేసింది.

మామగారు పోయిన వయసును మా ఆయన దాటిన రోజున ఆవిడ కంట్లో పిండి పడిందని కళ్లు తుడుచుకున్నారు. నేనూ చూడనట్టే ఉన్నాను. రేడియో కూడా ఒక్కోసారి ఆగుతుంది.

మొన్న ఎండాకాలం ఆల్దియార్ పెళ్లయింది. కోడలు ఇంకార్ పట్నం పిల్ల, లెక్కలు చెప్పే పంతులమ్మ. వాడి ఒంట్లో ఏముందో మేము ముందే దాచకుండా చెప్పాం. "తెలిసిన జబ్బే కదా అత్తయ్యా, తెలియని మొగుడి కంటే నయం" అంది. అప్పుడే నచ్చింది నాకు. ముసుగెత్తే వేడుకలో ఆడవాళ్లంతా చుట్టూ మూగి ఆటపట్టించడం మొదలుపెట్టారు. "పట్నం కోడలా, మీ మామగారికి పేరు పెట్టు చూద్దాం! పేరు పెట్టందే టీ లేదు!"

పాపం ఆ పిల్ల తడబడి మా ఆయన వైపు చూసింది. టీ కప్పుల పళ్లెం పట్టుకుని, నవ్వాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాడు.

"తెల్లగడ్డం మామయ్య" అంది.

ఒకటే నవ్వులు. "ఓసి నీ చదువు పాడుగాను! ఇదేం పేరు? ఊరినిండా తెల్లగడ్డాలే! కొత్తది పెట్టు!"

అత్తగారు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు.

"ఊరినిండా ఉన్నాయి. మా ఇంట్లో ఎన్నడూ లేదు" అన్నారు.

వెళ్లి తన చేతి వెండి కడియం తీసి ఆ పిల్ల చేతికి తొడిగారు. "ఆ డాక్టరమ్మ కడుపు చల్లగా ఉండాలి" అన్నారు. ఆ తరవాత కొడుకు గడ్డం చివర వేలితో ముట్టుకుని చూశారు, నిజమైనదేనా అన్నట్టు.

"మళ్లీ అను తల్లీ" అన్నారు.

"తెల్లగడ్డం మామయ్య" అంది ఇంకార్.

"ఇంకోసారి అను" అన్నారు మా అత్తగారు.