ఉప్పెక్కువైందన్న మాట

మొన్న మధ్యాహ్నం మీర్‌పేట్‌లో మా చిన్నవాడి ఇంట్లో, అందరూ పనులకు పోయాక, ఎప్పటిలాగే నేనూ టీవీ మిగిలాం. పోలీసు చర్య నాటి క్యాంపుల్లో ఖైదీలను ఎట్లా హింసించారో ఆరా తీస్తూ ఎవరో తీసిన డాక్యుమెంటరీ వస్తోంది. ఈ వయసులో ఆ ఏడుపులు నాకెందుకని కట్టేయబోయాను గానీ, నాకంటే బాగా పెద్దవాడైన ఒక ముసలాయన ఇబ్రహీంపట్నం క్యాంపులో తానూ ఉన్నానని మొదలుపెట్టేసరికి రిమోట్ చేతిలోనే ఉండిపోయింది.

ఆ క్యాంపులో మా బాపు కూడా ఉన్నాడు. రజాకార్ల పీడ పోయిందని ఊరంతా బెల్లం పంచుకున్న కొద్ది నెలలకే, కమ్యూనిస్టు దళం వాళ్లకు ఒక పూట జొన్న గట్క పోశాడన్న నేరానికి, మంచాల గ్రామం దగ్గరి మా ఊరి నుంచి మిలిటరీ వాళ్లు ఆయన్ను లారీలో ఎక్కించుకుపోయారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మనిషి బతికున్నాడో లేదో చెప్పే దిక్కు లేదు. మా అమ్మ రోజు విడిచి రోజు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, ఎర్రకారం గుడ్డలో కట్టి, నన్ను వెంటబెట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా నడిచేది. ముళ్లకంచె దగ్గర సిపాయి మూట తీసుకుని, క్రితంసారి గుడ్డ వాపసు ఇచ్చేవాడు. అది చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉండేది. మా బాపు సొంత ధోవతి కూడా కుప్పగా పడేసే రకం. అయినా అమ్మ ఆ మడతలు నిమిరి, "గిప్పుడు బుద్ధొచ్చింది మీ బాపుకు" అని మురిసిపోయేది. గుడ్డ ఖాళీగా వచ్చిందంటే తిన్నాడని, తిన్నాడంటే ఉన్నాడని మా ధైర్యం. తిరుగు దారిలో అమ్మ నడకే మారిపోయేది.

వానలు మొదలయ్యాక బాపును వదిలిపెట్టారు. సగం మనిషై వచ్చాడు. కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకునేవి కావు. ఏమైందంటే పడ్డానన్నాడు. అమ్మ మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు, రొట్టెలు సరిపోయేవా అని మాత్రం అడిగింది. బాపు ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "మస్తు తిన్న. కారంల జర ఉప్పెక్కువైంది, గంతే" అన్నాడు.

ఆ మాట అమ్మ మనసులో పెట్టుకుంది. ఆనాటి నుంచి తాను పోయేదాకా మా ఇంట్లో కూరంటే చప్పిడే. ఉప్పు రుచి నాకు అత్తగారింట్లోనే తెలిసిందని వేళాకోళం చేసేదాన్ని. అయితే బాపు తిని లేచిన చోట తుడిచేటప్పుడు రోజూ నాకు ఉప్పురవ్వలు కనిపించేవి. అమ్మ చూడనప్పుడు ఆ బిగుసుకుపోయిన వేళ్లతో ఉప్పు కలుపుకునేవాడు, సగం కిందే రాలేది. ఎక్కువైందన్నదీ తనే, దొంగతనంగా వేసుకునేదీ తనే, ఎంత మొండి మనిషని లోలోపల విసుక్కునేదాన్ని.

టీవీలో ముసలాయన తన అరచేతులు చూసుకుంటూ చెప్పాడు. "ఇంటికాడ్నించి వచ్చిన రొట్టె ఒక్క తునకన్న మా నోట్లెకు రాలే బిడ్డా. సిపాయిలు మా ముంగటనే తిని, గుడ్డలు మడతవెట్టెటోళ్లు."

నాకు ఏడుపు ఆగలేదు. ఉత్తగా తిన్నానంటే అమ్మ నమ్మదని బాపు ఆ ఉప్పు వంక పెట్టాడు కాబోలు. తానన్న ఆ ఒక్క మాటకు అమ్మ బతికినన్నాళ్లూ చప్పిడి కూర తిన్నాడు, నేనేమో విసుక్కున్నాను.

ఇప్పుడు కెమెరాలు పెట్టి మరీ అడుగుతున్నారు, ఆనాడు అడిగిన నాథుడు లేడు. క్యాంపు ఉన్న చోట షట్టర్ల దుకాణాలు లేచాయి. ఈ సంగతి చెప్పుకుందామంటే అమ్మా లేదు, బాపూ లేడు, ఆ చప్పిడి కూర తిన్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

సాయంత్రం కోడలు కంచం పెట్టి, "కండ్లేంది అత్తమ్మా, గట్ల ఎర్రగయినయ్?" అని అడిగింది. పప్పులో జర కారం ఎక్కువైందన్నాను. రేపటి నుంచి పాపం ఆమె కారం తగ్గిస్తుంది కాబోలు.